అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగని ముప్పు

మీ ఊరి పిల్లల డాక్టరు బిడ్డను చూశారు. రక్తపరీక్ష రిపోర్టు ఒకటికి రెండుసార్లు చదివారు. "అడ్రినల్ గ్రంథి సరిగా పనిచేయడం లేదేమో, ఒకసారి ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించండి" అని చీటీ రాసిచ్చారు. పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే మూడు వారాల తర్వాత తేదీ దొరికింది. ఇంట్లోవాళ్లు క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసి, అప్పటిదాకా చేసేదేమీ లేదని ఊపిరి పీల్చుకుంటారు. అలా అనుకోవద్దని చెప్పడానికే ఈ హెచ్చరిక. అనుమానం పుట్టిన రోజుకూ స్పెషలిస్టు చూసే రోజుకూ నడుమ ఉన్న కాలమే ఈ జబ్బులో చాలా ప్రమాదకరమైనది. జబ్బు ఉందో లేదో ఇంకా తేలలేదు. మందు మొదలు కాలేదు. ఏం గమనించాలో, ఎప్పుడు పరుగెత్తాలో తల్లికి ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఇది. ఇలాంటి అనుమానం ఉన్న బిడ్డకు వాంతులు ఆగకపోయినా, పాలు పట్టకుండా వాలిపోతున్నా, లేపితే లేవకుండా మత్తుగా పడి ఉన్నా, ఒళ్లు చల్లబడి చెమటలు పోస్తున్నా, ఫిట్స్ వచ్చినా అపాయింట్‌మెంట్ సంగతి పక్కన పెట్టండి. 108కి ఫోన్ చేయండి, లేదా అందిన బండి ఎక్కి దగ్గర్లో పిల్లలకు సెలైన్ పెట్టగల ఆసుపత్రికి వెళ్లండి. క్యాజువాలిటీ గుమ్మంలోనే "అడ్రినల్ లోపం ఉందని అనుమానపడ్డారు" అని చెప్పి చీటీ చూపించండి. అక్కడి డాక్టరు చూడాల్సినవి రక్తంలో చక్కెర, సోడియం, పొటాషియం. ఇవ్వాల్సినవి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్, చక్కెర పడిపోయి ఉంటే గ్లూకోజ్. వీలైతే మందుకు ముందు కార్టిసాల్ పరీక్షకు రక్తం తీసి పెడతారు. కానీ ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంజెక్షన్ ఆపకూడదు. అనుమానం తప్పని తర్వాత తేలినా ఒక్క డోసు హైడ్రోకార్టిసోన్ వల్ల బిడ్డకు వచ్చే నష్టం దాదాపు ఏమీ ఉండదు. అనుమానం నిజమై, ఇంజెక్షన్ పడకపోతే బిడ్డ దక్కకపోవచ్చు.

అంత చిన్న గ్రంథికి ఇంత పని ఏమిటని అనిపించవచ్చు. ఒక్కో మూత్రపిండం పైన ఒక్కోటి చొప్పున రెండు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో వీటినే అధివృక్క గ్రంథులు అన్నారు. జ్వరం, దెబ్బ, ఆపరేషన్, ఆకలి వంటివి మీద పడ్డప్పుడు బీపీ, చక్కెర పడిపోకుండా కాపాడే కార్టిసాల్‌ను తయారుచేసేవి ఇవే. ఉప్పును ఒంట్లో నిలిపి, పొటాషియాన్ని మూత్రంలో బయటకు పంపే ఆల్డోస్టిరాన్ కూడా వీటి నుంచే వస్తుంది. మగ లక్షణాలకు కారణమయ్యే హార్మోన్లు కొన్ని కూడా ఇక్కడివే. మామూలు రోజుల్లో తక్కువ కార్టిసాల్‌తో ఎలాగో నెట్టుకొచ్చే బిడ్డ, చిన్న విషజ్వరం రాగానే కూలబడిపోవడానికి కారణం అప్పుడు కావాల్సినంత కార్టిసాల్ లేకపోవడమే. నిన్న సాయంత్రం ఆడుకున్న పిల్లవాడు ఇవాళ తెల్లవారేసరికి ఐసీయూలో ఉండవచ్చు.

ఈ ముప్పును ఇంట్లోనూ, చిన్న క్లినిక్కుల్లోనూ పోల్చుకోలేకపోవడానికి కారణం ఒక్కటే. ఇది మామూలు వాంతులు, విరేచనాల్లాగే కనిపిస్తుంది. "ఏదో పడలేదు, తగ్గిపోతుంది" అంటారు. దిష్టి తీస్తారు. లంఖణం పరమౌషధం అన్న మాట మన ఇళ్లలో ఇంకా బలంగా ఉంది. కడుపు ఖాళీగా ఉంచితే వాంతులు కట్టుకుంటాయని పూటంతా ఏమీ పెట్టరు. కార్టిసాల్ చాలని బిడ్డకు లంఖణం ప్రాణాంతకం. ఆకలితో ఉన్నప్పుడు చక్కెరను నిలబెట్టే హార్మోనే ఆ ఒంట్లో లేదు.

లంఖణం తర్వాత రెండో పొరపాటు కొబ్బరినీళ్లు. నీరసించిన పిల్లవాడికి మనం మొదట తెచ్చేది కొబ్బరిబొండమే. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఉప్పును నిలుపుకోలేని బిడ్డ రక్తంలో అప్పటికే పొటాషియం పెరిగి, సోడియం పడిపోయి ఉంటుంది. పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. పళ్లరసాలతోనూ ఇదే చిక్కు. బిడ్డ తాగగలిగితే, దారిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా పట్టించండి. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అట్టడబ్బాల్లో అమ్ముడైన తీపి పానీయాలు వేరు. ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025లో ఆదేశించాల్సి వచ్చింది. ఓఆర్‌ఎస్ పట్టించడం ఆసుపత్రికి చేరే దారిలో చేసే పని మాత్రమే. ఇంజెక్షన్ అవసరం దానితో తీరదు.

పురిటి బిడ్డల సంగతి ఇంకా సున్నితం. పుట్టుకతోనే వచ్చే అడ్రినల్ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా. ఆసుపత్రుల్లో దీన్ని సీఏహెచ్ అంటారు. కార్టిసాల్ తయారీకి కావాల్సిన ఒక ఎంజైమ్ లోపించడం దీనికి కారణం. హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా నవజాత శిశువులకు ఐసీఎంఆర్ చేయించిన పరీక్షల్లో 5,762 మందికి ఒకరి చొప్పున ఈ జబ్బు బయటపడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్ట జన్యువులు కలిస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడాలు ఇప్పటికీ మామూలుగా సాగే మన ప్రాంతంలో ఈ లెక్కకు బరువెక్కువ. డాక్టరు "మీది మేనరికమా?" అని అడిగితే తలవంచుకోనక్కర్లేదు. ఆయన మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. రోగ నిర్ధారణకు ఆ ముక్క కావాలి.

మగబిడ్డ విషయంలోనే మోసపోతాం. ఆడబిడ్డకు ఈ జబ్బు ఉంటే పుట్టినప్పుడే జననాంగాలు కాస్త తేడాగా కనిపించి డాక్టరు అప్రమత్తమవుతారు. మగబిడ్డ చూడటానికి నిండుగా, ఆరోగ్యంగా ఉంటాడు. మూడో రోజున ఇంటికి పంపిస్తారు. రెండో వారంలోనో మూడో వారంలోనో పాలు కక్కడం మొదలవుతుంది, బరువు పెరగడు, కళ్లు గుంటలు పడతాయి. బారసాల హడావిడిలో ఉన్న ఇల్లు దాన్ని పాలు అరగకపోవడం అనుకుంటుంది. ఉప్పంతా మూత్రంలో పోతున్న ఆ పసివాడికి గంటలు లెక్క. కొన్ని కుటుంబాల్లో "మొదటి మగపిల్లాడు నెల తిరక్కుండానే పోయాడు, బాలారిష్టం" అని చెప్పుకుంటారు. ఆ మాట డాక్టరు చెవిన పడాలి. మీ వైపునా, మీ భర్త వైపునా నెలలోపు పోయిన పిల్లలు ఎవరైనా ఉన్నారేమో అత్తగారిని, అమ్మమ్మను కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. ఆ దుఃఖాన్ని మళ్లీ కదిలించడం కష్టమే. అయినా ఇప్పుడున్న బిడ్డ కోసం అడగాలి.

ఇక పెద్దపిల్లలు. లండన్ వైద్యుడు థామస్ అడిసన్ 1855లో ఈ గ్రంథులు దెబ్బతిన్న రోగుల గురించి రాశాడు. అప్పట్లో అందుకు ముఖ్య కారణం క్షయ. ఒంట్లోని రోగనిరోధక శక్తే గ్రంథి మీద తిరగబడటం మరో ముఖ్య కారణమని తర్వాత తేలింది. మన దేశంలో క్షయను ఇంకా పక్కన పెట్టలేం. ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడి ఉంటే ఆ సంగతి స్పెషలిస్టుకు తప్పక చెప్పాలి. పెద్దపిల్లల్లో అడ్రినల్ లోపం నెలల తరబడి మెల్లగా కమ్ముకుంటుంది. పిల్లవాడు సన్నబడతాడు, ఆటలకు వెళ్లడు, పొద్దున్నే కళ్లు తిరుగుతున్నాయంటాడు. ఒళ్లు నల్లబడుతుంది. మన ఒంటి రంగుల్లో దీన్ని పోల్చుకోవడం అంత తేలిక కాదు, ఎండకు కమిలాడు అనేస్తారు. ఎండ తగిలే చోట్లు కాక వేరే చోట్లు చూడండి. అరచేతి గీతలు, వేలి కణుపులు, చిగుళ్లు, ఈ మధ్య మానిన దెబ్బల మచ్చలు. అరచెయ్యి తెల్లగా ఉండి గీతలు మాత్రం సిరాతో గీసినట్టు నల్లగా కనిపిస్తే అది ఎండ వల్ల వచ్చింది కాదు. రెండేళ్ల కిందటి బడి ఫొటో పక్కన పెట్టి చూడండి. ఆ ఫొటో డాక్టరు దగ్గరకూ తీసుకెళ్లండి.

మరో గుర్తు ఉప్పు మీద యావ. పెరుగన్నంలో మళ్లీ మళ్లీ ఉప్పు వేసుకోవడం, ఆవకాయ ఊట నాకడం, ఎవరూ చూడకుండా ఉప్పుడబ్బాలో వేలు పెట్టడం. ఇంట్లో దీన్ని చెడ్డ అలవాటని తిడతారు, డబ్బా అటక మీద దాస్తారు. ఒంట్లో ఉప్పు నిలవని బిడ్డ తనకు తెలియకుండానే తనను తాను కాపాడుకుంటూ ఉండవచ్చు. ఈ అనుమానం ఉన్న బిడ్డకు ఉప్పు కట్టడి చేయకండి. ఈ సంగతి మీరుగా చెప్పకపోతే డాక్టరుకు తెలియదు.

మగపిల్లవాడికి ఇలాంటి లోపం బయటపడి, దానితో పాటు చదువు వెనకబడటం, చూపో వినికిడో తగ్గడం, నడకలో తూలడం కనిపిస్తే అది అడ్రినోల్యూకోడిస్ట్రఫీ కావచ్చు. మెదడుకూ పాకే జబ్బు ఇది. రక్తంలో ఒక రకం కొవ్వు ఆమ్లాల పరీక్షతో దొరుకుతుంది. బడిలో టీచరు ఏమంటున్నారో కనుక్కుని వెళ్లండి.

ఇప్పటిదాకా చెప్పినవి ఏ ఇంటి తప్పూ లేకుండా వచ్చే జబ్బులు. మన రెండు రాష్ట్రాల్లో మనుషుల చేతుల మీదుగా వచ్చే అడ్రినల్ లోపం ఇంకొకటి ఉంది. దాని గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. అది స్టెరాయిడ్ మందుల వాడకం.

దగ్గు, ఆయాసం, జలుబు, దురద అంటూ వచ్చిన పసిపిల్లలకు బెటామెథజోన్ చుక్కలు, డెక్సామెథజోన్ మాత్రలు, ప్రెడ్నిసొలోన్ సిరప్ రాసేవాళ్లు ఊరూరా ఉన్నారు. కొన్నిచోట్ల అర్హత లేనివాళ్లు ఇస్తారు. కొన్నిచోట్ల మందుల షాపులోనే అడిగి తెచ్చుకుంటారు. ఒక్కరోజులో గుణం కనిపిస్తుంది, పిల్లవాడు ఆకలిగా తింటాడు. దాంతో మళ్లీ జలుబు చేసినప్పుడు అదే సీసా తెస్తారు. పసిబిడ్డ తొడల్లో దద్దుర్లకు, తామరకు క్లోబెటసాల్ కలిసిన ట్యూబు నెలల తరబడి రాస్తారు. పల్చటి చర్మం గుండా, అందులోనూ డైపర్ కింద, ఆ మందు రక్తంలోకి దిగుతుంది. మూలికల పొడి అని అమ్మే వాటిలోనూ స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. బయటి నుంచి ఇంత స్టెరాయిడ్ వచ్చిపడుతుంటే అడ్రినల్ గ్రంథి తన పని మానేస్తుంది. బిడ్డ ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, బుగ్గలు ఎర్రబడతాయి, పొట్ట పెరుగుతుంది. చుట్టాలు "బొద్దుగా ముద్దొస్తున్నాడు" అంటారు. ఎత్తు మాత్రం పెరగడు. ఈ తేడా గుర్తుంచుకోండి. తిండి వల్ల లావెక్కిన పిల్లలు సాధారణంగా తమ వయసువాళ్లకంటే పొడుగ్గానే ఉంటారు. లావెక్కుతూ ఎత్తు ఆగిపోయిన బిడ్డను హార్మోన్ల డాక్టరుకు చూపించాల్సిందే.

అసలు ప్రమాదం ఆ మందు ఆపిన రోజున మొదలవుతుంది. ఇందులో స్టెరాయిడ్ ఉందని ఎవరో చెబుతారు. తల్లి భయపడి ఆ రాత్రే సీసా చెత్తలో పారేస్తుంది. నిద్రపోయిన గ్రంథి వెంటనే లేవదు. కొందరిలో వారాలు, కొందరిలో నెలలు పడుతుంది. ఆ మధ్యలో జ్వరం వస్తే, వాంతులైతే బిడ్డ పుట్టుకతో జబ్బున్న బిడ్డలాగే కుప్పకూలుతుంది. మూడు నాలుగు వారాలకు మించి నోటి ద్వారా స్టెరాయిడ్ వాడిన ఏ బిడ్డకూ డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా మందు ఆపవద్దు. ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆయన చెబుతారు. స్పెషలిస్టును కలిసేదాకా ఏం చేయాలో అర్థం కాకపోతే చీటీ రాసిన పిల్లల డాక్టరుకే ఫోన్ చేసి అడగండి. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కో మరో పెద్ద జబ్బుకో అర్హులైన డాక్టర్లు ప్రెడ్నిసొలోన్ రాసి ఉంటే అది అవసరమైన మందు. ఆస్తమా ఇన్హేలర్ కూడా అంతే. ఇది చదివి దాన్ని మానేసి ఆయాసం తెచ్చుకోవద్దు. ఏం వాడుతున్నదీ చెప్పండి చాలు.

అందువల్ల అపాయింట్‌మెంట్‌కు ముందు చేయాల్సిన పనుల్లో మందుల చరిత్ర కూర్చడమే అన్నిటికంటే ముఖ్యమని మా అభిప్రాయం. అది కష్టమైన పని కూడా. మన దగ్గర మాత్రలను షీటు నుంచి కత్తెరతో కత్తిరించి ఇస్తారు. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. విడి మాత్రలు కాగితం పొట్లంలో కట్టి "పొద్దున తెల్లది, రాత్రి పసుపుది" అని ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఇల్లంతా వెతకండి. ఫ్రిజ్ తలుపు, దేవుడి గూటి పక్క, అమ్మమ్మగారింట్లో వదిలేసిన సంచి, అన్నీ. ఖాళీ సీసాలు, సగం వాడిన ట్యూబులు, షీటు ముక్కలు, పొట్లాలు ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. వైసొలోన్, బెట్నెసాల్ వంటి స్టెరాయిడ్ మందుల పేర్లు కనిపిస్తే ఎప్పుడు మొదలుపెట్టారో, రోజుకు ఎంత, చివరి డోసు ఏ రోజున వేశారో రాయండి. మందిచ్చినాయన దగ్గరకు వెళ్లి "గొడవకు రాలేదు, పేరు రాసివ్వండి, బిడ్డకు అవసరం" అని అడగండి. నాటుమందు, ఆకు పసరు వాడి ఉంటే అదీ చెప్పండి. డాక్టరు కోప్పడతారని దాచిన ఒక్క ముక్క వల్ల పరీక్షలన్నీ తప్పుదారి పట్టవచ్చు. లోపల స్టెరాయిడ్ ఉన్నప్పుడు తీసిన కార్టిసాల్ రిపోర్టును ఎవరూ సరిగా చదవలేరు.

ఎదుగుదల లెక్కలు రెండోది. అంగన్‌వాడీలో ఇచ్చిన మాతా శిశు సంరక్షణ కార్డు, టీకాల పుస్తకం, బడిలో కొలిచిన ఎత్తు బరువులు, ఆసుపత్రి పాత చీటీల మూలన రాసిన బరువు, ఏది దొరికితే అది. ఇవాళ్టి ఒక్క కొలత కంటే గడచిన రెండేళ్ల కొలతలు డాక్టరుకు ఎక్కువ చెబుతాయి. తల్లిదండ్రుల ఎత్తు కూడా అడుగుతారు. వీలైతే ఇద్దరూ వెళ్లండి. ఆడపిల్లకు ఎనిమిదేళ్లలోపు, మగపిల్లవాడికి తొమ్మిదేళ్లలోపు చంకల్లోనో మర్మాంగాల దగ్గరో వెంట్రుకలు మొదలైతే, పెద్దవాళ్లలాంటి చెమట వాసన వస్తే, ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంటే ఎప్పటినుంచో గుర్తుచేసుకుని రాయండి. తొందరగా పెరుగుతున్నాడని ఈ ఇళ్లలో సంతోషిస్తారు. ఎముకలు త్వరగా ముదిరిపోయి ఆ పిల్లలు చివరికి పొట్టిగా ఆగిపోతారు. ఎడమ చేతి ఎక్స్‌రే తీసేది ఎముక వయసు చూడటానికే.

పరీక్షల దగ్గర కొన్ని జాగ్రత్తలు చాలు. కార్టిసాల్ పొద్దున ఎనిమిది ప్రాంతంలో ఎక్కువగానూ, రాత్రికి తక్కువగానూ ఉంటుంది. ఏ వేళ తీశారో రాయని రిపోర్టుకు పెద్దగా విలువ లేదు. ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్ పరీక్షకు తీసిన శాంపిల్‌ను ఐస్ మీద వెంటనే ల్యాబుకు పంపాలి కాబట్టి సందు చివరి కలెక్షన్ సెంటర్లో ఇవ్వకండి. పొద్దున్నే పరీక్ష ఉందని, రాత్రంతా బస్సులో వచ్చిన బిడ్డను మీ అంతట మీరు పస్తు ఉంచకండి. ఆహారం ఆపాలా వద్దా, ఆపితే ఎన్ని గంటలు అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని హార్మోన్ రిపోర్టులను తారుమారు చేస్తాయి, వాడుతుంటే చెప్పండి. ఇప్పటికే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టిన బిడ్డకు పరీక్ష కోసమని పొద్దుటి డోసు సొంతంగా ఎగ్గొట్టవద్దు. థైరాయిడ్ మాత్ర కొత్తగా రాసి ఉంటే అదీ అడగాల్సిన విషయమే. కార్టిసాల్ లోపాన్ని సరిచేయకుండా థైరాయిడ్ మందు మొదలుపెడితే బిడ్డ పరిస్థితి విషమించవచ్చు.

జననాంగాల్లో తేడాతో పుట్టిన బిడ్డ తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆడో మగో ఇప్పుడే చెప్పమని ఆసుపత్రి మీద, ఇంటి మీద ఒత్తిడి పెరుగుతుంది. క్రోమోజోముల పరీక్ష, కడుపు స్కాను, హార్మోన్ పరీక్షలు వచ్చేదాకా ఆగండి. పేరు పెట్టడం నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు. సీఏహెచ్ ఉన్న ఆడబిడ్డకు గర్భాశయం, అండాశయాలు మామూలుగానే ఉంటాయి. ఆపరేషన్‌కు తొందరపెట్టేవాళ్ల మాట వినకండి. ప్రాణాపాయం ఉంటే తప్ప పసిపిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు చేయకూడదని తమిళనాడు ప్రభుత్వం 2019లోనే ఆదేశించింది. బిడ్డ ఫొటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. ఎదిగిన పిల్లలైతే గదిలో ఎవరుండాలో వాళ్లనే అడగండి. మామయ్యలూ పిన్నులూ బయట కూర్చోవచ్చు.

గదిలోకి వెళ్లాక చాలామంది తల్లిదండ్రులకు నోరు పెగలదు. బయట ఇంకా యాభై మంది ఉన్నారని తెలుసు. అందుకే అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఈ బిడ్డకు హార్మోను తక్కువా, ఎక్కువా? జ్వరం వస్తే మాత్ర ఎంత పెంచాలి? మాత్ర కక్కేస్తే ఏం చేయాలి? ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోవాలా, ఎలా వేయాలో నర్సు నేర్పుతారా? రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? తోడబుట్టినవాళ్లకూ పరీక్ష చేయించాలా? అత్యవసరంలో హైడ్రోకార్టిసోన్ మూడేళ్లలోపు బిడ్డకు 25, పన్నెండేళ్లలోపు 50, ఆపైన 100 మిల్లీగ్రాములు వేయడం వైద్యులు సాధారణంగా పాటించే లెక్క. మీ బిడ్డకు ఎంతన్నది డాక్టరు సంతకంతో కాగితం మీద ఉండాలి. ఆ కాగితం ఒక ప్రతి బడిలో, ఒకటి అమ్మమ్మగారింట్లో, ఒక ఫొటో మీ ఇద్దరి ఫోన్లలో ఉండాలి. అమెరికాలో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి రక్తపు చుక్క తీసి సీఏహెచ్‌కు పరీక్ష చేస్తారు. అక్కడ అలా జబ్బు బయటపడిన పిల్లలతో వేసవి సెలవులకు ఇక్కడికి వచ్చే మనవాళ్లు వాళ్ల ఇంజెక్షన్‌ను చేతిసంచిలోనే పెట్టుకుని రావాలి.

హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్, విశాఖపట్నంలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ వంటి చోట్ల ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. కానీ మారుమూల మండలంలో అర్ధరాత్రి వాంతులతో వాలిపోయిన బిడ్డను మొదట చూసేది అక్కడివాళ్లు కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్లు, 108 సిబ్బంది. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ పెద్ద ఖరీదైన మందు కాదు. ప్రతి పీహెచ్‌సీలోనూ, ప్రతి 108 వాహనంలోనూ అది గడువు దాటకుండా ఉందో లేదో రెండు ప్రభుత్వాల ఆరోగ్యశాఖలూ ఈ వారమే సరిచూసుకోవాలి. కేరళ ప్రభుత్వాసుపత్రుల్లో నవజాత శిశువులకు చేసే పరీక్షల్లో సీఏహెచ్ ఉంది. మన దగ్గరా ప్రతి కాన్పులో ఆ పరీక్ష జరగాలి. ఉప్పును నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్‌ను జాతీయ అత్యవసర మందుల జాబితాలో 2022లో చేర్చారు. జాబితాలో ఉన్న మందు జిల్లా కేంద్రంలోని షాపులో దొరక్కపోతే ఆ చేర్పు వల్ల బిడ్డకు ఒరిగిందేమీ లేదు.

పిల్లల డాక్టర్లకు మా విన్నపం. అడ్రినల్ అనుమానంతో స్పెషలిస్టుకు రాసే ప్రతి చీటీ కింద ఒక పంక్తి అదనంగా రాయండి: "వాంతులు, మత్తు, ఫిట్స్ వస్తే వెంటనే ఆసుపత్రి, హైడ్రోకార్టిసోన్ ఇంత." పక్కన బిడ్డ బరువు, మీ ఫోన్ నంబరు వేయండి. తల్లిదండ్రులకు కూడా అదే మాట. ఆ పంక్తి లేని చీటీ మీ చేతిలో ఉంటే తేదీ వచ్చేదాకా ఆగకండి. రేపు పొద్దున్నే వెళ్లి రాయించుకోండి.